మేడ మీద బడి, దూలాల్లో తడి

కట్టడాల శాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సిమెంటు గురించి, ఇనుము గురించి వాళ్లకు నాకంటే ఎక్కువే తెలుసు. కట్టె గురించి అడిగితే మాత్రం "చెద పట్టకుండా మందు కొట్టాలి సార్" అని ఊరుకుంటారు. కట్టెకు చెద కాక ఇంకో రోగం ఉందని, కాళ్లూ రెక్కలూ లేని ఆ రోగం ఇంటిని నిలువునా పడగొట్టగలదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నా ఉద్యోగంలో చాలా భాగం ఆ రోగంతోనే గడిచింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఓవర్సీరుగా తిరిగిన రోజుల్లో చూసింది రాద్దామని కూర్చున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనే పురాణం ఇందులో ఉండదు. అది చదివి బాగుపడినవాడు లేడు.

ముందు ముక్కు, తర్వాత కన్ను

నేను చేరేనాటికి ఇంకా హైదరాబాద్ స్టేటే. దొరలు పట్నానికి వెళ్లిపోయి తాళాలు పడ్డ గడీలు పల్లెల్లో చాలా ఉండేవి. కొన్నిటిలో కచేరీలు, బడులు పెట్టాలని సర్కారు ఆలోచన. అవి పనికొస్తాయో లేదో చూడటం మా పని. నా మొదటి సాహెబు మునీర్ సాబ్. హైదరాబాదీ మనిషి, జర్దా నములుతూ రెండు భాషలు కలిపి తిట్టేవారు. గడి తలుపు తెరిచాక నన్ను లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

"జర ఆగు వీరేశం. ముందుగాల ముక్కు, తర్వాత కన్ను. వాసన చూడు. ఏమొస్తుంది?"

"గబ్బిలాల కంపు సాబ్."

"గా కంపు పక్కకు పెట్టు. దాని కింద ఏమున్నది?"

దాని కింద ఉండేది పుట్టగొడుగుల వాసన. వాన వెలిసిన తర్వాత గడ్డివాము అడుగున చెయ్యి పెడితే వస్తుందే, అది. ఆ వాసన ఉన్న ఇంట్లో ఎక్కడో ఒక దూలం చస్తూ ఉంటుంది.

ఆయన చెప్పింది మీకు క్లుప్తంగా చెప్తాను. కట్టెను తినే బూజు విత్తనాలు గాలిలో అంతటా ఉంటాయి. పొడి కట్టెను అవి ఏమీ చేయలేవు. తడి తగిలి, ఆ తడి ఆరే దారి లేకపోతే మొలుస్తాయి. తెల్లని దారాల్లా పాకి కట్టెలోని సత్తువంతా లాగేస్తాయి. ఒక రకం బూజు పట్టిన కట్టె గోధుమరంగుకు తిరిగి, కాలిన మొద్దులా గళ్లు గళ్లుగా పగిలి, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఇంకో రకం పడితే తెల్లబడి పీచులా మిగులుతుంది. పైన రంగు మాత్రం అలాగే మెరుస్తుంటుంది. పైన పటారం, లోన లొటారం.

టేకుకు ఏ రోగమూ రాదని మన జిల్లాల వాళ్లకు గొప్ప నమ్మకం. అడవి పక్కన పుట్టిన గర్వం అది. నడిమి చేవ సంగతి నిజమే. దాని చుట్టూ ఉండే తెల్లటి పొర మాత్రం మామిడి కట్టె కంటే ఏమంత మేలు కాదు. ఆ పొర చెక్కకుండా దూలం ఎక్కించిన ఇళ్లు నేను చాలా చూశాను.

"చెదను మందుతోని కొట్టొచ్చు. దీన్ని గాలితోని కొట్టాలె" అనేవారు మునీర్ సాబ్. "తడి యాడికెల్లి వస్తుందో చూడు. గా తడి బంద్ చెయ్యి. గంతే."

గోడకు ఆనించి కట్టెల మోపు పేర్చినవాణ్ని చూస్తే జీపు ఆపించి మరీ కేకలేసేవారు. అంత కోపిష్ఠి మనిషి దగ్గర పని చేయడం కష్టమే. అయినా ఇప్పుడు ఏ పాత ఇంటి గడప దాటినా ఆయన పక్కన లేని లోటు తెలుస్తుంది.

లక్ష్మి కూర్చునే గడప

వేములవాడలో యాత్రికులు దిగే ఒక చిన్న సత్రం ఉండేది. గదుల గడపలన్నీ మెత్తబడ్డాయని పిలిచారు. సత్రం చూసుకునే రాజవ్వ, "చెద పట్టింది కొడుకా, జర మందు చల్లిపో" అంది. గడపలో దబ్బణం గుచ్చితే బెల్లం ముద్దలో దిగినట్టు దిగింది. ఒక్క చెదపురుగు లేదు.

కారణం చూస్తే భక్తే. గుడి గుండంలో మునిగిన కుటుంబం తడిబట్టలతో వస్తుంది, గడప కడిగి పసుపు రాస్తుంది. వాళ్లు ఖాళీ చేయగానే ఇంకో కుటుంబం దిగుతుంది, మళ్లీ కడిగి పసుపు రాస్తుంది. పాపం ఆ గడప పూజలందుకుని పూజలందుకుని కుళ్లిపోయింది. రాతి గడప పెట్టించమన్నాను.

"రాయి మీద లచ్చిమి కూసుంటదా? నీ ఇంట్ల రాతి గడప పెట్టుకున్నవా నువ్వు?"

"తడి పీట మీద లచ్చిమి మాత్రం ఎంతసేపు కూసుంటది అవ్వా?"

ముసలావిడ నవ్వింది. నవ్విందంటే సగం పని అయినట్టే. కట్టె గడపే పెట్టించి, కింద రాయి పరిచి, మధ్యలో గాలి ఆడేంత సందు వదిలాము. పసుపు పైమొహానికే, కొనలకు వద్దని ఒప్పించాను. కుర్రవాళ్లారా, జనం నమ్మకంతో ఎన్నడూ కుస్తీ పట్టకండి. నీళ్లు పోయే దారి చూపించి ఇంటికి రండి.

ఈ తెలివితేటలన్నీ ఒకచోట ఎందుకూ కొరగాలేదు. ఆ సంగతి రాయడానికే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నానని నాకూ తెలుసు.

సుభద్రాబాయి గారి బడి

ఆసిఫాబాద్ తాలూకాలో ఒక ఊరు. పేరు రాయను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో అక్కడ ఒక పాత మేడలో ఆడపిల్లల బడి అద్దెకు నడిచేది. కింద ఇంటివాళ్ల పత్తి గోదాం, పైన బడి. టేకు దూలాల మీద పలకలు, పలకల మీద మట్టి నేల. ఊళ్లో ఇంకో ఖాళీ ఇల్లు లేదు.

హెడ్‌మిస్ట్రెస్ సుభద్రాబాయి గారు. చిన్నప్పుడే భర్త పోతే అన్నగారు చదివించారు. పుట్టిల్లు పెన్‌గంగ అవతల, మరాఠీ సీమలో. తెలుగు మన తెలుగే మాట్లాడేవారు గాని 'సరే' అనాల్సిన చోట 'బరే' అనేవారు. నాకు అప్పటికి మొదటి ఇంటామె కాన్పులో పోయి కొన్నేళ్లయింది. మా అవ్వ సంబంధాలు తెస్తుంటే పనుందని తప్పించుకు తిరిగేవాణ్ని.

పెంకులు సర్దించడానికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె పిల్లలందరినీ లేపి నిలబెట్టారు.

"గీ సారు ఇండ్లకు డాక్టర్. మనకు జ్వరమొస్తే డాక్టర్ వస్తడు గద, ఇంటికి జ్వరమొస్తే గీయన వస్తడు. నమస్తే చెప్పుండ్రి."

ఆ నేల చూసి నేను చెప్పులు మెట్ల కిందే వదిలి రానందుకు సిగ్గుపడ్డాను. పచ్చగా పేడతో అలికి, అంచున ఎర్రటి జాజు పూసి, మూలల్లో ముగ్గు పెట్టి ఉంది. శుక్రవారం శుక్రవారం పిల్లలే నీళ్ల బిందెలు పైకి మోసి అలుకుతారట.

"బడి ఇల్లు లెక్కనే ఉండాలె ఓవర్సీర్ సాబ్. గట్లుంటేనే తల్లులు ధైర్నంగ తోలిస్తరు" అన్నారు ఆమె.

అన్ని కిటికీలూ తెరిచి ఉన్నాయి. బజారు వైపు నుంచి గాలి ధారగా వస్తోంది. అలికిన నేల అప్పటికే ఆరిపోయింది. ఆ గాలిలో ఆమె పాఠం చెప్తుంటే, పెంకులెక్కిన మనిషిని దిగమని చెప్పడం కూడా మరిచి వింటూ నిలబడ్డాను.

తర్వాత ఏదో ఒక సాకుతో వెళ్తూనే ఉన్నాను. మా రెండో సాహెబు మూర్తిగారు గోదావరి జిల్లా మనిషి, హాస్యప్రియుడు. "ఏమయ్యా వీరేశం, ఆ బడి తలుపు బందులు నువ్వు వెళ్లాలనిపించినప్పుడల్లా ఊడిపోతాయా?" అనేవారు. ఆఫీసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని. ఆ నవ్వు మళ్లీ వస్తే ఎంత బాగుండు అనుకుంటాను.

అంతలో నన్ను నిర్మల్ వైపు ఒక వంతెన పనికి వేశారు. రెండు వానాకాలాలు అటే గడిచాయి.

అమ్మవారు వెలిసింది

నేను తిరిగి వచ్చేసరికి ఆమె నుంచి కబురు. బడి గోడ మూల నుంచి ఏదో మొలిచింది, వచ్చి చూడమని. సంబరంగానే వెళ్లాను. మెట్లు ఎక్కుతుండగానే ఆ వాసన తగిలింది. మునీర్ సాబ్ నేర్పిన ముక్కు మీద మొదటిసారి నాకు కోపం వచ్చింది.

గది చీకటిగా ఉంది. బజారు వైపు కిటికీలన్నిటికీ రెక్కలు మూసి మేకులు కొట్టారు. రాజలింగం సేటు అని ఊళ్లో ఇంకో పత్తి వ్యాపారి, బడికి పెద్ద దిక్కు. "మా పిల్లలు బజారుకు కనవడద్దు, కనవడితే తోలియ్యం" అని పట్టుబట్టాడట. మిగతా తండ్రులూ ఆయన మాటే అన్నారు.

"కిటికీ పోతే పోయింది, పిల్లలైతే వస్తున్రు గద" అన్నారు సుభద్రాబాయి గారు.

గోడ మూలలో, నేలను ఆనుకుని, నారింజ రంగులో అరచేతి మందాన ఒక పుట్టగొడుగు పలకలా బయటికొచ్చి ఉంది. దాని మీద పసుపు, కుంకుమ. ముందర దీపం. ఆయా మల్లవ్వ చేతులు జోడించి, "అమ్మవారు వెలిసింది సారూ, ముట్టకుండ్రి" అంది.

కింది గోదాంలోకి దిగి నిచ్చెన వేయించాను. దూలం నడుమ సుత్తితో కొడితే ఖంగుమంది. ప్రాణం లేచొచ్చింది. గోడ దగ్గరికి జరిగి కొట్టాను. తడి గుడ్డ మీద కొట్టినట్టు దబ్బుమంది. దబ్బణం పిడి దాకా దిగింది. పక్క దూలమన్నా బాగుండాలని మొక్కుకుంటూ నిచ్చెన జరిపించాను. అదీ అంతే. పలకల అడుగున తెల్లని దారాలు విసనకర్రలా పరుచుకుని ఉన్నాయి. వారం వారం అలికిన నీళ్లు గోడ మూలలకు జారి, ఆరడానికి గాలి లేక, దూలాల మొదళ్లలో ఇంకిపోయాయి.

నిచ్చెన కింద ఆమె నిలబడి ఉన్నారు.

"ఎట్లున్నది? చెప్పుండ్రి."

"పిల్లలను దింపాలె టీచరమ్మా. ఇయ్యాల్నే."

"దింపి యాడ కూసోవెట్టాలె?"

నేను నిచ్చెన దిగి దబ్బణం తుడుచుకున్నాను.

"ఏడో తరగతి పరీక్ష అయ్యేదాక ఆగరాదా?" అన్నారు ఆమె. "గీ ఊర్ల ఆడిపిల్లలు గా పరీక్ష రాసుడు గిదే మొదలు. సేటు బిడ్డ పద్మకు సంబంధం చూసి పెట్టిండ్రు. బడి నడుస్తుందని నేను కాళ్లు మొక్కితే ఆగిండ్రు. బడి బంద్ అయితే తెల్లారి పెండ్లే. ఒక్క పద్మనే కాదు."

"ఎప్పుడు కూలుతదో నేను చెప్పలేను. కూలినప్పుడు పైన పిల్లలుంటరు, గదొక్కటే చెప్పగల్గుత."

ఆమె పైకి చూశారు. పైనుంచి ఎక్కాలు వల్లించే గొంతులు వినపడుతున్నాయి.

"ఎందుకైంది గిట్ల?"

ఇల్లు పాతదైందని చెప్పి తప్పించుకోవచ్చు. కాని రేపు ఇంకో మేడ దొరికితే అక్కడా ఇలాగే అలుకుతారు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. అలుకు నీళ్లన్నాను, మూసిన కిటికీలన్నాను. ఆమె మెట్టు మీద కూర్చున్నారు.

"నా చేతులతోని నేనే చేసిన్నా?"

"మీరు చేసింది మంచిపనే టీచరమ్మా."

"మంచిపని చేస్తే ఇండ్లు కూలుతయా, ఓవర్సీర్ సాబ్?"

సంతకం

నేను ఊరికే కూర్చోలేదు. దూలాల కింద గుంజలు నిలబెడదామని ఇంటివాళ్లను బతిమాలాను. "పత్తి దిగేటి దినాలు, గోదాంల గుంజలు పాతితే బోరాలు నీ నెత్తి మీద పెట్టాల్నా?" అన్నారు. సర్కారు ఖర్చుతో చేద్దామంటే ప్రైవేటు ఇంటికి కుదరదు. ఇక మిగిలింది మేడ పనికిరాదని రాయడమే.

మూర్తిగారు కాగితం చదివి కళ్లజోడు తీశారు.

"ఇన్నేళ్లు నిలబడింది, పరీక్షల దాకా నిలబడదా? ఇది రాస్తే బడి పోతుంది. బడి పోతే ఆవిడ బదిలీ అయిపోతుంది. ఆ సంగతి ఆలోచించావా?"

"ఆలోచించిన సార్."

"పిచ్చివాడివయ్యా" అని సంతకం పెట్టారు. మంచి మనిషి. నన్ను ఆపితే బాగుండునని ఆ క్షణంలో నాకు అనిపించిందని ఆయనకు తెలుసనే నా నమ్మకం.

బడి మూతపడింది. పిల్లల్ని తాలూకా బడికి పంపమని పైనుంచి చెప్పారు. ఆడపిల్లను అంత దూరం ఎవరు పంపుతారు? మాఘంలో పద్మ పెళ్లి అయింది. తర్వాత ఒక్కొక్కరివే అయిపోయాయి. సుభద్రాబాయి గారిని భైంసాకు వేశారు. బస్సు దగ్గరికి వెళ్లాను. ట్రంకుపెట్టె ఎక్కించాను. ఆమె నా మొహం చూడలేదు. "బరే, ఓవర్సీర్ సాబ్" అన్నారు, అంతే.

కూలని ఇల్లు

ఆ ఇల్లు కూలలేదు.

ఇది ఏ పుస్తకంలోనూ రాయరు. కుళ్లిన దూలానికి కాలజ్ఞానం ఉండదు. నడిమి చేవ పట్టుకున్నంత కాలం పట్టుకుంటుంది. ఒక వానాకాలం వెళ్లింది, ఇంకోటి వెళ్లింది. ఇంటివాళ్లు పైన కూడా పత్తి బోరాలు వేసుకున్నారు. నేను అటు వెళ్తే టీ హోటల్ దగ్గర నవ్వేవాళ్లు.

"సారు సూది గుచ్చితే ఇల్లు కూలలే గని బడి కూలింది!"

మాటకు మాట చెప్పగల నోరు నాది. ఆ మాటకు మాత్రం టీ డబ్బులిచ్చి లేచి వచ్చేవాణ్ని. వాన పడ్డప్పుడల్లా ఆ ఇల్లు కూలితే బాగుండునని కోరుకునేవాణ్ని. ఇళ్లు నిలబెట్టడానికి జీతం తీసుకుంటూ ఇల్లు కూలాలని మొక్కుకున్న మనిషి ఇంకొకడు ఉంటాడనుకోను. ఇంకోపక్క, అక్కడికి వెళ్తే ఆ మెట్ల దగ్గర కాసేపు నిలబడేవాణ్ని. పైన ఎవరూ లేరని తెలిసినా నిలబడేవాణ్ని.

చివరికి దీపావళి వెళ్లాక, మబ్బు తునక కూడా లేని ఒక రోజు పై అంతస్తు మొత్తం గోదాంలోకి దిగిపోయింది. కూలీలు భోజనానికి వెళ్లడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. వెళ్లి చూశాను. దూలం మొదలు చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలింది. నా మాట నిజమైంది. సంతోషం ఇసుమంత కూడా కలగలేదు. ఆమెకు చెప్పాలన్న ఆరాటం ఒక్కటే కలిగింది. సెలవు పెట్టి భైంసా బస్సెక్కాను.

భైంసా

మధ్యాహ్నం అన్నాల వేళ. పిల్లలు బయట గిన్నెలు కడుక్కుంటున్నారు. ఆమె చెంపలు కొంచెం నెరిశాయి. నన్ను చూసి లేచి కుర్చీ చూపించారు.

"కూలింది టీచరమ్మా."

"ఎవలన్న ఉన్నరా లోపట?"

"ఎవలు లేరు."

ఆమె కళ్లు మూసుకుని ఊపిరి వదిలారు. "మస్తు తిట్టుకున్న మిమ్మల్ని. దినాం తిట్టుకున్న."

"తెలుసు."

"ఇగ తిట్ట" అని నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. "పద్మ వచ్చింది పోయిన నెల. సంకల కొడుకున్నడు. బోర్డు మీద వాని పేరు రాసి చూపించింది. అక్షరాలు ముత్యాలే. పరీక్ష రాస్తే పాసయ్యేది."

"అయ్యేది" అన్నాను.

 బయట ఒక పిల్ల గంట దగ్గర నిలబడి, కొట్టాలా వద్దా అని ఆమె వైపు చూస్తోంది.

"మళ్ల పెండ్లి చేసుకున్నరా?" అని అడిగారు.

"లే."

ఆమె ఆ పిల్లకు సైగ చేశారు. గంట మోగింది. పిల్లలు వరసగా లోపలికి రావడం మొదలుపెట్టారు. ఆమె పుస్తకం చేతిలోకి తీసుకున్నారు గాని తెరవలేదు.

"ఇంకేమన్న చెప్పేది ఉన్నదా, ఓవర్సీర్ సాబ్?"

దారి పొడుగునా బస్సులో నేను అనుకుంటూ వచ్చిన మాట నోటి దగ్గరే ఉంది. ఎవరి ఇంట్లోకి వెళ్లినా ఏది చెడిందో మొహం మీదే చెప్పే మనిషిని. ఆమెకు నేను ఒక్కసారి చెప్పిన మాటకే ఆమె బడి పోయింది. ఇప్పుడు నాకోసం ఏ మొహం పెట్టుకుని అడగను? మా కులాలు వేరు, ఆమె వితంతువు, ఊరు ఏమంటుంది అని కూడా అనుకున్నాను. అన్నీ ఒక్కసారే అనుకున్నాను.

"లేదు టీచరమ్మా" అన్నాను.

ఆమె ఇంకాసేపు ఆగారు. ఆ ఆగడం దేనికో నాకు తెలుసు. పిల్లలందరూ కూర్చున్నాక, "బరే, పైలంగ పోండ్రి" అని పాఠం మొదలుపెట్టారు.

తర్వాత మా అవ్వ చూసిన సంబంధమే చేసుకున్నాను. మా ఇంటామె చల్లని మనిషి, నాతో ఓపిగ్గా కాపురం చేసింది. ఆమె వల్ల నాకు ఏ లోటూ జరగలేదు. సుభద్రాబాయి గారు భైంసా నుంచి ఎటు బదిలీ అయ్యారో తెలియలేదు, ఎవరినీ అడగనూ లేదు.

కుర్రవాళ్లారా, దూలం కుళ్లిందని తెలిస్తే రాయండి. బడి పోయినా రాయండి, ఇల్లు కూలక జనం నవ్వినా రాయండి. అందులో నాకు ఈనాటికీ అనుమానం లేదు. పై అంతస్తు దిగిన రోజు ఆ నేల మీద పిల్లలు లేరు, అది చాలు. మిగిలిన దానికి మాత్రం నా దగ్గర సలహా లేదు. ఒక్కణ్నే ఉన్నప్పుడు, వాన మొదలై మట్టి వాసన లోపలికి వచ్చినప్పుడు, ఆమె పుస్తకం పట్టుకుని నా ముందు ఆగినట్టే అనిపిస్తుంది. అప్పుడు పైకే చెప్తాను.

"ఉన్నది, టీచరమ్మా."